చిన్నపిల్లలకు యాంటీహిస్టమిన్ మందులు: తరచుగా అడిగే ప్రశ్నలు

పిల్లల ఒంటిమీద దద్దుర్లు లేచినా, తుమ్ములు ఆగకుండా వస్తున్నా ఇంట్లో ముందుగా చేతికొచ్చేది యాంటీహిస్టమిన్ సిరప్పే. సరైన మందును సరైన కొలతలో ఇస్తే చాలామంది పిల్లలకు ఇబ్బంది లేకుండా పనిచేస్తుంది. తేడా వచ్చేది ఎక్కువగా ఇచ్చే తీరులోనే. సీసా మీద గాఢత చదవకుండా పోయడం, ఒకే మందు రెండు సీసాల్లోంచి లోపలికి వెళ్లడం, అలర్జీ లేకపోయినా నిద్రకోసం పట్టించడం, ప్రాణాపాయమైన అలర్జీలో అడ్రినలిన్ ఇంజెక్షన్ ఇవ్వాల్సిన సమయంలో సిరప్ ఇచ్చి కూర్చోవడం ప్రమాదం తెస్తాయి. ఈ జవాబులు ముఖ్యంగా ఆరేళ్లలోపు పిల్లల గురించి. రెండేళ్లలోపు బిడ్డకు ఏ యాంటీహిస్టమిన్ అయినా పిల్లల డాక్టరు చెప్పాకే మొదలుపెట్టాలి. కింద ఉన్న మోతాదులు డాక్టరు రాసినదాన్ని మీరు సరిచూసుకోవడానికి పనికొస్తాయి.

ఈ మందు ఒంట్లో ఏం చేస్తుంది?

ఒంటికి పడనిది తగిలినప్పుడు మాస్ట్ కణాలు హిస్టమిన్ అనే రసాయనాన్ని వదులుతాయి. అది రక్తనాళాల మీద, నరాల చివర్ల మీద ఉండే హెచ్1 గ్రాహకాలకు అతుక్కుంటే దురద, దద్దుర్లు, తుమ్ములు, ముక్కు కారడం, కళ్లు ఎర్రబడడం మొదలవుతాయి. యాంటీహిస్టమిన్ ఆ గ్రాహకాలు పనిచేయకుండా అడ్డుపడుతుంది. అప్పటికే చర్మంలోకి ఊరిన నీటిని అది వెనక్కి లాగలేదు. అందుకే మందు వేసిన తర్వాత దురద ముందు తగ్గుతుంది, ఉబ్బిన దద్దు మాత్రం నెమ్మదిగా అణుగుతుంది. ముక్కు దిబ్బడ మీద దీని ప్రభావం తక్కువ.

పాత తరం, కొత్త తరం అంటారు. పిల్లలకు ఏది మంచిది?

మామూలు అలర్జీకి కొత్త తరం మందులే. సెటిరిజిన్, లీవోసెటిరిజిన్, లోరటడిన్, డెస్‌లోరటడిన్, ఫెక్సోఫెనడిన్ ఈ కోవలోవి. ఇవి మెదడులోకి తక్కువగా చేరతాయి. చాలావాటికి రోజుకు ఒక్క డోసు చాలు.

డైఫెన్‌హైడ్రమిన్, క్లోర్‌ఫెనిరమిన్, ప్రొమెథజిన్, హైడ్రాక్సిజిన్, సైప్రోహెప్టడిన్ పాత తరానివి. ఇవి సులభంగా మెదడులోకి వెళ్తాయి కాబట్టి బిడ్డ మత్తుగా పడి ఉంటుంది. కొందరు పిల్లల్లో అందుకు పూర్తిగా విరుద్ధంగా జరుగుతుంది. మందు పడగానే నిద్ర మాని చిరాకుగా అరుస్తూ, గెంతుతూ, ఒక చోట నిలవకుండా తిరుగుతారు. నోరు ఎండడం, మూత్రం సరిగా రాకపోవడం, మలబద్ధకం, గుండె వేగంగా కొట్టుకోవడం కూడా వీటితో ఎక్కువ. డోసు మించితే ఫిట్స్ రావచ్చు, గుండె లయ చెడవచ్చు.

ప్రొమెథజిన్ సంగతి విడిగా చెప్పాలి. రెండేళ్లలోపు పిల్లల్లో ఊపిరి మందగించి ప్రాణాలు పోయిన సందర్భాలు ఉండడంతో, ఆ వయసువారికి వాడకూడదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2004లో అత్యంత తీవ్రమైన హెచ్చరికను మందు పత్రంలో పెట్టించింది. అమ్మమ్మల కాలం నుంచి వాడుతున్నామన్న నమ్మకంతో ఈ మందును పసిపిల్లలకు పట్టించకండి.

పాత మందే త్వరగా పనిచేస్తుందన్న మాట కూడా నిలవదు. సెటిరిజిన్ గంటలోపే పని మొదలుపెడుతుంది, రోజంతా నిలుస్తుంది. డైఫెన్‌హైడ్రమిన్ ప్రభావం నాలుగు నుంచి ఆరు గంటల్లో అయిపోతుంది.

ఏ వయసుకు ఎంత?

అలర్జీకి సాధారణంగా వాడే కొత్త తరం మందుల మోతాదులు ఇవి.

సెటిరిజిన్: 6 నెలల నుంచి 2 ఏళ్లలోపు బిడ్డకు, డాక్టరు చెప్తే, 2.5 మి.గ్రా. రోజుకు ఒకసారి. ఏడాది నిండినవారికి అవసరాన్నిబట్టి డాక్టరు దాన్ని రెండుసార్లు చేయవచ్చు. 2 నుంచి 5 ఏళ్లవారికి 2.5 మి.గ్రా.తో మొదలుపెట్టాలి. రోజు మొత్తంలో 5 మి.గ్రా. దాటకూడదు.

లీవోసెటిరిజిన్: 6 నెలల నుంచి 5 ఏళ్లవారికి 1.25 మి.గ్రా. సాయంత్రం ఒకసారి.

లోరటడిన్: 2 నుంచి 5 ఏళ్లవారికి 5 మి.గ్రా. రోజుకు ఒకసారి.

డెస్‌లోరటడిన్: 6 నుంచి 11 నెలలవారికి 1 మి.గ్రా., 1 నుంచి 5 ఏళ్లవారికి 1.25 మి.గ్రా., రోజుకు ఒకసారి.

ఫెక్సోఫెనడిన్: 2 నుంచి 11 ఏళ్లవారికి 30 మి.గ్రా. రోజుకు రెండుసార్లు. 6 నెలల నుంచి 2 ఏళ్లలోపు పిల్లలకు దీర్ఘకాలపు దద్దుర్ల కోసం డాక్టర్లు 15 మి.గ్రా. చొప్పున రెండుసార్లు ఇస్తారు.

పాత తరం మందుల మోతాదులు ఇక్కడ కావాలనే ఇవ్వలేదు. ఆరేళ్లలోపు పిల్లలకు వాటిని ఇంట్లో లెక్కేసుకుని ఇవ్వకూడదు. ఇక నెలలు నిండకుండా పుట్టిన పసికందులకు, ఆరు నెలల్లోపువారికి ఈ మందుల్లో ఏదీ సొంతంగా పట్టించవద్దు. ఆ వయసులో కనిపించే ఎర్రటి పొక్కుల్లో చాలా భాగం అలర్జీవి కావు.

డాక్టరు ‘రెండున్నర మి.లీ.’ అన్నారు. ఇంట్లో వేరే సీసా ఉంది. అంతే పోయవచ్చా?

పోయవద్దు. ఈ పేజీ మొత్తంలో ఒక్క జవాబే గుర్తుంచుకోగలిగితే ఇదే గుర్తుంచుకోండి.

మందు బలాన్ని చెప్పేది మి.గ్రా. మి.లీ. కేవలం ద్రవం ఎంతో చెబుతుంది. ఒకే మందు వేర్వేరు గాఢతల్లో వస్తుంది. సెటిరిజిన్ సిరప్‌లో సాధారణంగా 5 మి.లీ.కి 5 మి.గ్రా. మందు ఉంటుంది, అంటే ఒక మి.లీ.కి 1 మి.గ్రా. అదే సెటిరిజిన్ చుక్కల మందుగా వచ్చినప్పుడు కొన్నింట్లో ఒక మి.లీ.కి 10 మి.గ్రా. ఉంటుంది. 2.5 మి.గ్రా. కావాలంటే మొదటి సీసాలోంచి 2.5 మి.లీ. తీయాలి, రెండోదాంట్లోంచి పావు మి.లీ. చాలు. చుక్కల సీసాను సిరప్ అనుకుని 2.5 మి.లీ. పోస్తే బిడ్డకు వెళ్లేది 25 మి.గ్రా., పదింతలు.

అందుకే డోసు పోసే ముందు లెక్క ఇలా చూసుకోండి. బిడ్డకు కావాల్సిన మి.గ్రా.ను ఒక మి.లీ.లో ఉన్న మి.గ్రా.తో భాగించండి. వచ్చిన అంకె మీరు తీయాల్సిన మి.లీ. ‘5 మి.లీ.కి 2.5 మి.గ్రా.’ అని ఉంటే ముందు దాన్ని ఒక మి.లీ.కి 0.5 మి.గ్రా. అని మార్చుకోండి. లీవోసెటిరిజిన్ సిరప్ మామూలుగా ఈ గాఢతలోనే వస్తుంది. కాబట్టి 1.25 మి.గ్రా.కు 2.5 మి.లీ. అవుతుంది.

చీటీలో మి.లీ. మాత్రమే రాసి ఉంటే, మందు పేరు, గాఢత, ఒక్కో డోసుకు ఎన్ని మి.గ్రా. అన్నది కూడా రాయమని అడగండి. అడగడానికి మొహమాటపడాల్సిన పనేం లేదు, డాక్టర్లకు ఇది మామూలు విషయమే. కొత్త సీసా కొన్న ప్రతిసారీ, పాత పేరే ఉన్నా సరే, గాఢత మళ్లీ చదవండి. ఒకే పేరుకు వెనకాల ఒకటి రెండు అక్షరాలు చేర్చి వేరే మందు, లేదా రెండు మూడు మందుల మిశ్రమం అమ్ముతుంటారు. అట్ట మీద పెద్ద అక్షరాల పేరుకన్నా కింద చిన్నగా ఉండే మందుల జాబితా ముఖ్యం.

సెటిరిజిన్ అయిపోయింది, లీవోసెటిరిజిన్ ఉంది. అదే మి.గ్రా. ఇవ్వవచ్చా?

ఇవ్వకూడదు, డోసు రెట్టింపవుతుంది. సెటిరిజిన్‌లో ఒకదానికొకటి అద్దంలో బొమ్మల్లా ఉండే రెండు రూపాలు సమానంగా ఉంటాయి. వాటిలో పనిచేసే రూపాన్ని మాత్రమే విడదీసిందే లీవోసెటిరిజిన్. అందుకని 2.5 మి.గ్రా. సెటిరిజిన్‌కు సమానం 1.25 మి.గ్రా. లీవోసెటిరిజిన్. ఈ రెండూ కలిపి ఒకే రోజు ఇవ్వడం కూడా అదే మందును రెండుసార్లు ఇచ్చినట్టే.

వయసు చూడాలా, బరువు చూడాలా?

కొత్త తరం మందులకు పైన చెప్పిన వయసు లెక్క సరిపోతుంది. బిడ్డ వయసుకు తగ్గ బరువు లేకపోతే ఆ సంగతి డాక్టరుకు చెప్పి డోసు ఖాయం చేసుకోండి. పాత తరం మందుల్ని మాత్రం డాక్టర్లు కిలో బరువు లెక్కన రాస్తారు, కాబట్టి ఆరు నెలల కిందటి బరువు చెప్పి చీటీ రాయించుకోవద్దు. అన్నయ్య చీటీ చూసి తమ్ముడికి, అక్క సీసాలోంచి చెల్లికి పోయడమూ వద్దు.

చెంచాతో పోస్తే ఏమవుతుంది?

కొలత తప్పుతుంది. వంటింటి చెంచాలు ఒక్కోటి ఒక్కో సైజు. కొన్నింట్లో 3 మి.లీ. కూడా పట్టదు, కొన్నింట్లో 7 మి.లీ. దాకా పడుతుంది. 2.5 మి.లీ. లాంటి చిన్న కొలతకు సూది లేని నోటి సిరంజీయే నమ్మకమైనది. సీసాతో వచ్చే మూత గిన్నె 5 మి.లీ.కి పర్వాలేదుగానీ అంతకన్నా తక్కువకు పనికిరాదు.

పట్టించే పద్ధతి ఇది:

1. వెలుతురులో నిలబడి సీసా మీద మందు పేరు, గాఢత, గడువు తేదీ చదవండి. సస్పెన్షన్ అని ఉంటే బాగా కుదపండి. ఫెక్సోఫెనడిన్ ద్రవం అలాంటిదే. అడుగున పేరుకున్న మందును కుదపకపోతే మొదట్లో నీరసమైన డోసులు, చివర్లో ఘాటైన డోసులు వెళ్తాయి.
2. సిరంజీ చివర చిన్న మూత ఉంటే తీసి అవతల పడేయండి. అది బిడ్డ గొంతులో ఇరుక్కునే ప్రమాదం ఉంది.
3. కావాల్సిన గీతకన్నా కాస్త ఎక్కువ లాగి, సిరంజీని నిటారుగా పట్టి గాలి బుడగలు బయటికి పంపి, గీత దగ్గరికి తీసుకురండి. గీతను కంటికి ఎదురుగా పెట్టుకుని చూడండి.
4. బిడ్డను ఒళ్లో తల కాస్త పైకి ఉండేలా కూర్చోబెట్టుకోండి. పడుకోబెట్టి గానీ, ఏడుస్తున్నప్పుడు ముక్కు మూసి గానీ పట్టించకండి. మందు ఊపిరితిత్తుల్లోకి పోతుంది.
5. సిరంజీ కొసను బుగ్గ లోపలి వైపు పెట్టి, కొంచెం కొంచెంగా, మింగాక మళ్లీ కొంచెం వదలండి. నాలుక వెనక్కి ఒక్కసారిగా చిమ్మితే పొలమారుతుంది.
6. ఇచ్చిన టైము, మందు, మి.లీ. వెంటనే కాగితం మీద రాయండి. అమ్మ ఇచ్చిందని తెలియక నాన్న, ఆ తర్వాత నానమ్మ ఇవ్వడం వల్ల కూడా డోసు మించుతుంది.

పాలల్లో కలిపి ఇవ్వవచ్చా? ఖాళీ కడుపున ఇవ్వవచ్చా?

పాలసీసా నిండా కలపవద్దు. సగం తాగి వదిలేస్తే ఎంత మందు వెళ్లిందో ఎవరికీ తెలియదు. రుచి మరీ నచ్చకపోతే ఒక చెంచా మెత్తటి ఆహారంలో కలిపి అంతా తినిపించి, పైన నీళ్లో పాలో పట్టండి. సెటిరిజిన్, లోరటడిన్ తిండికి ముందైనా తర్వాతైనా పర్వాలేదు. ఫెక్సోఫెనడిన్ మాత్రం పళ్లరసంతో ఇవ్వకూడదు. నారింజ, ఆపిల్ లాంటి రసాలు అది ఒంటికి పట్టకుండా అడ్డుకుంటాయి, డోసు వృథా అవుతుంది. దాన్ని నీళ్లతో ఇవ్వండి.

మందు కక్కేస్తే?

కొత్త తరం మందు ఇచ్చి అరగంట కాకముందే వాంతి చేసుకుంటే అదే డోసు ఒక్కసారి మళ్లీ ఇవ్వవచ్చు. అరగంట దాటితే తర్వాతి డోసు టైము వరకు ఆగాలి. మళ్లీ ఇచ్చిందీ కక్కితే మూడోసారి ప్రయత్నించకండి. పెదవుల మీంచి కొంచెం కారిపోతే ఎంత పోయిందో ఊహించి పైన పోయవద్దు. మత్తు కలిగించే పాత తరం మందైతే డాక్టరును అడగకుండా తిరిగి ఇవ్వనే ఇవ్వకండి. ఇక అలర్జీ మొదలైన కాసేపటికే వాంతి అయితే, అది మందు పడక అయిన వాంతి అనుకోవద్దు. అనఫిలాక్సిస్ (ప్రాణాపాయం తెచ్చే తీవ్రమైన అలర్జీ) లక్షణం కావచ్చు, కింద చూడండి.

ఒక డోసు మరిచిపోయాం.

గుర్తొచ్చినప్పుడు ఇవ్వండి. తర్వాతి డోసు టైము దగ్గర పడితే మరిచినదాన్ని వదిలేయండి. రెండూ కలిపి ఇవ్వకండి.

ఇచ్చి గంటయింది, దద్దుర్లు పోలేదు. ఇంకో డోసు ఇవ్వాలా?

వద్దు. సెటిరిజిన్ దురదను గంటలోపు తగ్గించడం మొదలుపెట్టినా పూర్తి ఫలితానికి కొన్ని గంటలు పడుతుంది. లోరటడిన్‌కు ఒకటి నుంచి మూడు గంటలు. ఒక దద్దు సాధారణంగా 24 గంటల్లోపు మాయమవుతుంది, ఇంకోచోట కొత్తది లేస్తుంది. చిన్నపిల్లల్లో హఠాత్తుగా వచ్చే దద్దుర్లకు తరచుగా కారణం వైరస్ ఇన్‌ఫెక్షన్. అప్పుడవి చాలా రోజులపాటు వస్తూ పోతూ ఉంటాయి. ఇందుకు తినే ప్రతి పదార్థాన్నీ అనుమానించి బిడ్డ తిండి మాన్పించాల్సిన పని లేదు.

దద్దు ఒకేచోట రోజు దాటి ఉంటే, నొప్పిగా ఉంటే, తగ్గాక కమిలిన మచ్చ మిగిలితే, జ్వరంతో ఊదారంగు మచ్చలు కనిపిస్తే, నొక్కినా రంగు పోకపోతే సిరప్ పక్కన పెట్టి ఆ రోజే డాక్టరుకు చూపించండి. ఊదా మచ్చలతో జ్వరం ఉంటే అత్యవసరంగా వెళ్లాలి.

జలుబు, దగ్గుకు ఇవ్వవచ్చా?

మామూలు జలుబు వైరస్ వల్ల వస్తుంది. అందులో యాంటీహిస్టమిన్ పిల్లలకు చెప్పుకోదగ్గ మేలు చేయదు, మత్తు మాత్రం తెస్తుంది. పైగా జలుబు సిరప్పుల్లో పాత తరం యాంటీహిస్టమిన్‌తో పాటు ముక్కు దిబ్బడ మందు, దగ్గు మందు, కొన్నిసార్లు జ్వరం మందు కూడా కలిసి ఉంటాయి. చీటీ లేకుండా కొనే దగ్గు, జలుబు మందులు రెండేళ్లలోపు పిల్లలకు వద్దని ఎఫ్‌డీఏ 2008లో చెప్పింది. ఆ తర్వాత అక్కడి తయారీదారులే నాలుగేళ్లలోపు వాడవద్దని సీసాల మీద రాయడం మొదలుపెట్టారు. బ్రిటన్ 2009లో ఆ హద్దును ఆరేళ్లకు పెంచింది. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైల్‌ఎఫ్రిన్ (ముక్కు దిబ్బడ మందు) కలిసిన మిశ్రమాన్ని నాలుగేళ్లలోపు పిల్లలకు వాడకూడదని భారత ఔషధ నియంత్రణ అధికారులు 2023 డిసెంబరులో ఆదేశించారు.

అలర్జీకి సెటిరిజిన్ తీసుకుంటున్న బిడ్డకు జలుబు చేసి, ఇంకో డాక్టరు దగ్గర మిశ్రమ సిరప్ రాయించుకున్నప్పుడు రెండు యాంటీహిస్టమిన్‌లు ఒకేసారి వెళ్తుంటాయి. ఇంట్లో నడుస్తున్న మందులన్నీ డాక్టరుకు చూపించండి. మాంటెలుకాస్ట్ (అలర్జీకి, ఉబ్బసానికి వాడే వేరే రకం మందు), లీవోసెటిరిజిన్ కలిసిన మందు రాస్తే అందులో యాంటీహిస్టమిన్ ఉన్న సంగతి గుర్తుంచుకోండి. అలాగే మాంటెలుకాస్ట్ వల్ల కొందరు పిల్లలకు పీడకలలు, చిరాకు, ప్రవర్తనలో మార్పు వస్తాయి. అవి కనిపిస్తే ఆపి, రాసిన డాక్టరుతో మాట్లాడండి.

దూర ప్రయాణంలో బిడ్డ నిద్రపోవడానికి కొంచెం ఇస్తే తప్పా?

తప్పే, ప్రమాదం కూడా. మత్తులో ఉన్న పసిబిడ్డ ఊపిరి మందగించవచ్చు, కారు సీటులో తల ముందుకు వాలి శ్వాసనాళం మూసుకుపోయినా తనంతట తాను లేవలేదు. డైఫెన్‌హైడ్రమిన్ సీసాల మీద ‘బిడ్డను నిద్రపుచ్చడానికి వాడవద్దు’ అన్న హెచ్చరిక ఉండేది ఇందుకే. పైన చెప్పినట్టు కొందరు పిల్లలు నిద్రకు బదులు ప్రయాణమంతా కుదురు లేకుండా ఏడుస్తారు. రాత్రిళ్లు నిద్ర పట్టని బిడ్డకు రోజూ ఇవ్వడం ఇంకా పెద్ద పొరపాటు. శిశు సంరక్షణ కేంద్రంలో గానీ, చూసుకునే మనిషి గానీ ఇలా ఇస్తున్నారన్న అనుమానం వస్తే వెంటనే అడ్డుకోండి.

మందు వేశాక బిడ్డ మగతగా ఉంది. ఎప్పుడు భయపడాలి?

సెటిరిజిన్, లీవోసెటిరిజిన్ కొత్త తరంవే అయినా కొందరికి మగత తెస్తాయి. అలాంటప్పుడు రాత్రి పడుకునే ముందు ఇవ్వండి, లేదా లోరటడిన్‌కో ఫెక్సోఫెనడిన్‌కో మార్చమని డాక్టరును అడగండి. మామూలు మగతలో బిడ్డను తడితే కళ్లు తెరిచి మిమ్మల్ని చూస్తుంది, పాలు తాగుతుంది. లేపినా లేవకపోవడం, ఒళ్లు వాలిపోవడం, ఊపిరి మధ్యమధ్య ఆగడం, పెదవులు నీలంగా మారడం మగత కాదు. వెంటనే అంబులెన్స్ పిలవండి.

తీవ్రమైన అలర్జీ వస్తే యాంటీహిస్టమిన్ ఆపగలదా?

ఆపలేదు. అనఫిలాక్సిస్‌లో శ్వాసనాళం వాస్తుంది, ఊపిరితిత్తుల్లో గొట్టాలు బిగుసుకుంటాయి, రక్తపోటు పడిపోతుంది. వీటన్నింటినీ వెనక్కి తిప్పగల మందు అడ్రినలిన్ ఒక్కటే. యాంటీహిస్టమిన్ దురదను, దద్దుర్లను తగ్గిస్తుంది. లోపల ప్రమాదం పెరుగుతుండగా పైకి బాగైనట్టు కనిపించడమే ఇక్కడి అసలు చిక్కు.

ఏదైనా తిన్న తర్వాత, తేనెటీగ కుట్టిన తర్వాత, మందు పడిన తర్వాత నిమిషాల నుంచి రెండు గంటల్లోపు ఇలాంటివి కనిపిస్తే అనఫిలాక్సిస్ అనుకోండి: గొంతు బొంగురుపోవడం, నాలుక వాపు, చొంగ కారడం, మింగలేకపోవడం, పిల్లికూతలు, ఆగకుండా దగ్గు, ఆయాసం, పాలిపోయి వాలిపోవడం, దద్దుర్లతో పాటు మళ్లీ మళ్లీ వాంతులు. మాటలు రాని బిడ్డ గొంతు పట్టేసిందని చెప్పలేదు. ఏడుపు స్వరం మారిందా, హఠాత్తుగా నిస్తేజంగా అయిపోయిందా చూడండి. కొందరు పిల్లల్లో దద్దుర్లు అసలు కనిపించకపోవచ్చు.

డాక్టరు అడ్రినలిన్ ఆటో ఇంజెక్టర్ (డోసు ముందే నింపి ఉండే ఇంజెక్షన్ పరికరం) ఇచ్చి ఉంటే తొడ మధ్యభాగంలో, బయటివైపు కండరంలోకి వెంటనే పొడవండి. బట్టల మీంచైనా సరే. సాధారణంగా 15 నుంచి 30 కిలోల బిడ్డకు 0.15 మి.గ్రా. ఇంజెక్టర్, అంతకు మించితే 0.3 మి.గ్రా. ఇస్తారు. 15 కిలోలకన్నా తక్కువ ఉన్నవారికి ఏది వాడాలో డాక్టరు ముందే చెప్పి ఉండాలి. తర్వాత అంబులెన్స్ పిలవండి. బిడ్డను పడుకోబెట్టి కాళ్లు పైకి ఎత్తి ఉంచండి. ఆయాసంగా ఉంటే కూర్చోనివ్వండి, వాంతి అవుతుంటే పక్కకు తిప్పండి. నిలబెట్టడం, నడిపించడం, భుజాన నిటారుగా ఎత్తుకుని పరుగెత్తడం వద్దు, రక్తపోటు ఒక్కసారిగా పడిపోతుంది. 5 నిమిషాల్లో మెరుగు లేకపోతే రెండో ఇంజెక్టర్ వేయండి. తగ్గినట్టే ఉన్నా ఆసుపత్రికి వెళ్లాలి, లక్షణాలు కొన్ని గంటల తర్వాత తిరగబెట్టవచ్చు. ఇంజెక్టర్ లేనివారు సిరప్ వెతుకుతూ నిమిషాలు పోగొట్టుకోకుండా నేరుగా అంబులెన్స్ పిలవాలి.

పడని పదార్థం పెట్టే ముందు ఒక డోసు ఇస్తే సరిపోతుందా?

సరిపోదు. అది అనఫిలాక్సిస్‌ను అడ్డుకోదు, పైగా ముందుగా హెచ్చరించే దురద, దద్దుర్లు కనిపించకుండా చేస్తుంది. పడని పదార్థానికి దూరంగా ఉంచడమే దారి. టీకాకు ముందు కూడా డాక్టరు చెప్పకుండా ఇవ్వకండి.

ఎక్జిమా దురదకు, పురుగు కాటుకు, ఆటలమ్మకు?

చిన్నపిల్లల్లో చర్మం పొడిబారి ఎర్రబడే ఎక్జిమా దురదకు హిస్టమిన్ ఒక్కటే కారణం కాదు. అక్కడ పనిచేసేవి రోజుకు రెండుమూడుసార్లు దట్టంగా రాసే మాయిశ్చరైజర్, డాక్టరు చెప్పిన పూత మందులు. పురుగు కుట్టి దురదగా ఉంటే చల్లటి గుడ్డ వేసి, అవసరమైతే కొత్త తరం మందు ఒక డోసు ఇవ్వవచ్చు. ఆటలమ్మ పొక్కుల మీద గానీ, ఒళ్లంతా గానీ డైఫెన్‌హైడ్రమిన్ కలిసిన లోషన్ పూయకండి. పగిలిన చర్మంలోంచి అది రక్తంలోకి చేరుతుంది. అదే మందు నోటి ద్వారా కూడా వెళ్తుంటే విషప్రభావం కనిపిస్తుంది.

పిల్లికూతలు, ఆయాసం ఉన్నప్పుడు?

ఇది ఉబ్బసానికి మందు కాదు. డాక్టరు ఇచ్చిన ఇన్‌హేలర్‌నో నెబ్యులైజర్‌నో వాడి, తగ్గకపోతే ఆసుపత్రికి వెళ్లండి.

ఎన్ని రోజులు వాడవచ్చు?

హఠాత్తుగా వచ్చిన దద్దుర్లకు కొద్దిరోజులు, కాలాన్నిబట్టి వచ్చే ముక్కు అలర్జీకి ఆ కాలమంతా. ఏడాది నుంచి రెండేళ్ల వయసు పిల్లలకు 18 నెలలపాటు సెటిరిజిన్ ఇచ్చి చేసిన ‘ఇటాక్’ అధ్యయనంలో ఎదుగుదల మీద చెడు ప్రభావం కనిపించలేదు. డాక్టరు పర్యవేక్షణలో ఎక్కువకాలం వాడే పిల్లల తల్లిదండ్రులు భయపడనక్కర్లేదు. కానీ ఎవరూ చూడకుండా సీసా తర్వాత సీసా కొంటూ పోవడం వేరు. ఆరు వారాలు దాటినా దద్దుర్లు వస్తుంటే కారణం వెతకాలి. నెలల తరబడి రోజూ సెటిరిజిన్, లీవోసెటిరిజిన్ వాడి ఆపినవారిలో అరుదుగా తీవ్రమైన దురద వస్తుందని ఎఫ్‌డీఏ 2025లో హెచ్చరించింది. దాన్ని పాత అలర్జీ తిరిగొచ్చిందని అనుకోకుండా డాక్టరును అడగండి.

ఎవరికి ఇచ్చే ముందు తప్పక అడగాలి?

మూత్రపిండాల జబ్బు ఉంటే సెటిరిజిన్, లీవోసెటిరిజిన్, ఫెక్సోఫెనడిన్ డోసులు తగ్గించాలి. కాలేయ జబ్బు ఉంటే లోరటడిన్ విషయంలో జాగ్రత్త. ఫిట్స్ వచ్చిన బిడ్డకు, గుండె లయ సమస్య ఉన్న బిడ్డకు, నిద్రలో ఊపిరి ఆగే సమస్య ఉన్నవారికి, ఫిట్స్ మందులు లేదా మత్తు కలిగించే ఇతర మందులు వాడేవారికి పిల్లల డాక్టరు మాట లేకుండా ఏదీ ఇవ్వకండి. హైడ్రాక్సిజిన్ గుండె లయను చెడగొట్టగలదు.

డోసు ఎక్కువైపోయింది, లేదా బిడ్డే సీసా తాగేసింది.

లక్షణాలు వచ్చేదాకా ఆగవద్దు. సీసా చేతిలో పట్టుకుని విష సమాచార కేంద్రానికి గానీ ఆసుపత్రికి గానీ ఫోన్ చేసి మందు పేరు, గాఢత, సుమారు ఎన్ని మి.లీ., ఎప్పుడు, బిడ్డ బరువు చెప్పండి. వేలు పెట్టి కక్కించవద్దు, ఉప్పునీళ్లు పట్టవద్దు. రెండూ కొత్త ప్రమాదాలు తెస్తాయి. కొత్త తరం మందు కాస్త ఎక్కువైతే చాలాసార్లు మగతతోనే పోతుంది. పాత తరం మందు అలా కాదు. ముఖం ఎర్రబడడం, ఒళ్లు వేడెక్కడం, చర్మం పొడిబారడం, కంటిపాపలు పెద్దవవడం, లేనివి కనిపించినట్టు గాల్లో పట్టుకోబోవడం, ఫిట్స్ దీని గుర్తులు. వీటిలో ఏది కనిపించినా, ఊపిరి ఇబ్బంది ఉన్నా అంబులెన్స్ పిలవాలి.

అలర్జీ చర్మ పరీక్షకు ముందు ఆపాలా?

ఆపాలి, లేదంటే ఉన్న అలర్జీ కూడా పరీక్షలో కనిపించదు. సాధారణంగా 5 నుంచి 7 రోజుల ముందు ఆపమంటారు. రక్తపరీక్షకైతే ఆపక్కర్లేదు.

పాలిచ్చే తల్లి వేసుకుంటే బిడ్డకు ఏమైనా అవుతుందా?

లోరటడిన్, సెటిరిజిన్ పాలలోకి తక్కువే చేరతాయి, మామూలు డోసులో సరిపోతాయి. పాత తరం మందులు బిడ్డకు మగత తేవచ్చు, కొందరు తల్లుల్లో పాలు తగ్గిస్తాయి.

సీసాను ఎలా దాచాలి?

ఎత్తులో, తాళం వేసే అరలో పెట్టండి. పిల్లలు తీయలేని మూత అంటే తీయడానికి ఎక్కువసేపు పడుతుందనే అర్థం, అసలు తీయలేరని కాదు. తియ్యటి మందును ‘చాక్లెట్ నీళ్లు’ అని ఆశపెట్టి తాగించకండి. సీసా తెరిచిన తేదీ దాని మీద రాసి, పత్రంలో చెప్పిన గడువు దాటాక పడేయండి. వేరే సీసాలోకి ఒంపుకోవద్దు, మందు పేరు, గాఢత రెండూ పోతాయి. బిడ్డను ఇంకొకరి దగ్గర వదిలి వెళ్లేటప్పుడు సీసాతో పాటు దాని సిరంజీ కూడా ఇచ్చి, మందు పేరు, గాఢత, ఎన్ని మి.గ్రా.కు ఎన్ని మి.లీ., చివరి డోసు ఎప్పుడు ఇచ్చారు అన్నవి కాగితం మీద రాసి పెట్టండి. అడ్రినలిన్ ఇంజెక్టర్ ఉన్న బిడ్డ అయితే అది కూడా వెంటే ఉండాలి, తాళం అరలో కాకుండా పెద్దల చేతికి వెంటనే అందే చోట.